శనివారం కాని తలస్నానం

దిండు గలేబు నానేసిన బకెట్లో నీళ్ళు గులాబీ రంగుకు తిరగడం చూసి, పాత గుడ్డ రంగు పోతోందేమో అనుకుంది ఉమారాణి. చెయ్యి పెట్టి కలిపితే వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. పైకి తీసి చూస్తే సగం కరిగిన మందు గోళీలు. గలేబు మూల విప్పి దులిపితే ఇంకొన్ని రాలాయి.

"అత్తమ్మా, జర ఇటు రాండ్రి," అంది గొంతు పెంచకుండా. ఆ ఇంట్లో గొంతు పెంచడం మానేసి చాలా రోజులైంది.

బాలనర్సమ్మ చేటలో బియ్యం అలాగే వదిలి వచ్చి బకెట్ పక్కన కూలబడింది. ఆ గోళీలను ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. హన్మకొండ దవాఖానలో మొగుడి గుండెకు స్టంటు వేసి పంపిన నాటి నుంచి వాటిని తన చేత్తోనే ఆయన అరచేతిలో పెట్టి, చెంబు అందించి, గుటక పడేదాకా ఎదురుగా నిలబడుతోంది. పడిన గుటక ఉత్త నీళ్ళదని ఇప్పుడు తెలిసింది.

"ఎన్నొద్దుల సంది?" అని మాత్రం అడిగింది.

"పోయిన ఆదివారం ఉతికినప్పుడు గలేబుల ఏం లెవ్వు అత్తమ్మా."

ఇద్దరూ ఒక్కసారే వసారా వైపు చూశారు. ఎల్లస్వామి మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. నిద్రపోయే మనిషి అంత కదలకుండా ఉండడు.

"లొల్లి చెయ్యకు," అంది బాలనర్సమ్మ కోడలితో. కోడలు లొల్లి చేసే మనిషే కాదు. అయినా ఆ మాట అనడం ఆమెకు అలవాటైపోయింది.

దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో ఆమె మనసుకు పట్టుకున్నది ఒక్కటే. మనిషికి టెన్షన్ పెట్టొద్దు. ఉప్పు తగ్గించడం, పొద్దున కాసేపు నడిపించడం అన్నీ దాని తర్వాతే. కొడకండ్లకు తిరిగొచ్చిన రోజే ఆమె ఇంటికి కొత్త చట్టం పెట్టింది. టీవీలో వార్తలు బంద్. ఎల్లస్వామి ఫోను కొడుకు రవి జేబులో పడి మహబూబాబాద్ వెళ్ళిపోయింది. బావి దగ్గర మోటరు కాలితే చెప్పలేదు. బర్రె ఈనితే అదీ చెప్పలేదు, సంతోషానికి కూడా గుండె అదురుతుందని ఎవరో అన్నారట. చూడవచ్చిన వాళ్ళను వాకిట్లోనే ఆపి, లోపల వానల సంగతి తప్ప ఇంకేదీ ఎత్తొద్దని చెప్పి పంపేది. మాఘమాసంలో వచ్చిన చుట్టాలంతా వరసగా వానల గురించి మాట్లాడి, చాయ్ తాగి పోయారు. ఊళ్ళో ఈ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు కూడా. బాలనర్సమ్మ లెక్కచేయలేదు. మొగుడు బతికుంటే చాలు, నవ్వేవాళ్ళను నవ్వుకోనీ అనుకుంది.

అంతలో భూపాలపల్లిలో కొమురవ్వ పోయింది.

కొమురవ్వ ఎల్లస్వామికి అక్క. తల్లి లేని తమ్ముణ్ణి సంకనేసుకుని పెంచింది. మోకాళ్ళ నొప్పులతో దవాఖానకు రాలేక, రోజూ ఉమారాణి ఫోనుకు చేసి తమ్ముడి గొంతు వినేది. ఒక తెల్లవారి చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. ఆ కబురు కొడకండ్లలో ఆ ఇంటి వాకిట్లోనే ఆగిపోయింది. బాలనర్సమ్మ పెరట్లో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికి వచ్చి, ఇవాళ శనివారం కదా తలకు నీళ్ళు పోస్తానని మొగుణ్ణి లేపింది. అక్క చావుకు తమ్ముడు చెయ్యాల్సిన మైల స్నానం అది. ఆ రోజు శనివారం కాదు. మంచం పట్టిన మనిషికి వారాలేం తెలుస్తాయిలే అనుకుంది.

అక్క ఫోన్ రావడం లేదేమని ఆయన ఒకటి రెండుసార్లు అడిగాడు. ఫోను చెడిపోయిందనీ, కూతురింటికి మంచిర్యాల పోయిందనీ చెప్పారు. తర్వాత అడగడం మానేశాడు. నమ్మాడని బాలనర్సమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఇదిగో, ఇవాళ పొద్దున ఆ ఊపిరి మళ్ళీ బిగబట్టాల్సి వచ్చింది. గోళీలు దొరకడానికి కొంచెం ముందే కొమురవ్వ కొడుకు నరేశ్ ఫోన్ చేశాడు. ఆదివారం తల్లి నెలమాసికం, మామను తీసుకురమ్మన్నాడు. బాలనర్సమ్మ ఆరోగ్యం సంగతి ఎత్తి సర్దిచెప్పబోతే వినలేదు.

"అత్తా, మా అమ్మ తల్లిగారోళ్ళు లేనట్టే పోయింది. మాసికానికి గూడ మామ రాకుంటే, నేనే కారు తీస్కొని మీ ఇంటికొస్త. ఆయనకు నేనే చెప్త," అని పెట్టేశాడు.

అందులో మొదటి మాటే ఆమెను ఎక్కువగా కోసింది. ఆడబిడ్డ చనిపోతే పుట్టింటి వాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. ఆ చీర మీద పడకుండా ఆడమనిషిని సాగనంపరు. ఆ రోజు బాలనర్సమ్మ పక్కింటామెతో చీర తెప్పించింది. మహబూబాబాద్ నుంచి రవి వచ్చి, ఆ చీర తీసుకుని భూపాలపల్లి పోవాలి. వచ్చినవాడు లోపలికి తొంగిచూశాడో లేదో, తండ్రి చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. లేస్తే అనుమానపడతాడని తల్లి తలుపు చాటు నుంచి వద్దు వద్దని సైగ చేసింది. రవి కూర్చుని వానల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అక్కడ వాళ్ళు పొద్దు వాలేదాకా ఎదురుచూసి, ఇక ఆగలేక ఎత్తేశారు. రవి చేరేసరికి శ్మశానం నుంచి జనం తిరిగి వస్తున్నారు.

కప్పని ఆ చీర ఇప్పుడు బీరువా అడుగున, మడత విప్పకుండా ఉంది. ఇంటికి తిరిగి రాకూడని చీర అది. బీరువా తాళంచెవి అప్పటి నుంచి బాలనర్సమ్మ కొంగు ముడి వదలలేదు.

గోళీల సంగతి చెప్పడానికి రవికి ఫోన్ కలిపారు. మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారి దగ్గర కాంటా పని అతనిది. చుట్టూ బస్తాల ఘాటు, మధ్యమధ్య దగ్గు. విని, గోళీలను పొడి చేసి పాలలో కలిపి ఇవ్వమన్నాడు. మాసికం సంగతి మాత్రం చచ్చినా ఎత్తొద్దన్నాడు.

ఉమారాణికి అది నచ్చలేదు. పొడి చేసి పట్టడానికి మామ పసిపిల్లవాడా అంది. చెప్పాక బాపుకు ఏమన్నా అయితే జిమ్మేదారి నీదేనా అని రవి అడిగాడు. చెప్పకపోయినా అవుతోంది కదా, గలేబులో చూడలేదా అని ఆమె. మొగుడూ పెళ్ళాల పోట్లాటంతా గుసగుసల్లోనే సాగింది. గట్టిగా తిట్టుకునే వీలు కూడా ఆ ఇంట్లో లేకుండా పోయింది.

చివరికి ఉమారాణి అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, మీరేమన్న అనుకోండ్రి. దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది మామతోని మనం ఏం మాట్లాడినం? వానలు, గోళీలు. గింతే. మనింట్ల ఆయన ఒక్కడే పరాయోడయిండు."

బాలనర్సమ్మకు కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం అది. చేట అందుకుని, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం జనగామ బస్సు దిగి మౌనిక వచ్చింది. స్టంటు వేసిన దవాఖానలో గుండె డాక్టర్లు, మనసు డాక్టర్లు కలిసి ఒక పరిశోధన చేస్తున్నారు. గుండెపోటు వచ్చి ఇంటికి పోయినవాళ్ళ మనసు ఎట్లా ఉంటోంది, దాన్ని పట్టించుకుంటే గుండెకు మేలు జరుగుతుందా అని. ఎల్లస్వామి దవాఖానలో ఉండగానే అందులో చేరడానికి ఒప్పుకున్నాడు. వాళ్ళ తరఫున నెలకోసారి వచ్చే అమ్మాయి మౌనిక. పోయినసారి వచ్చినప్పుడు ఏది అడిగినా ఆయన "మంచిగనే ఉన్న బిడ్డా" అనే జవాబు చెప్పి పంపాడు.

ఉమారాణి వాకిట్లోనే గోళీల సంగతి చెప్పేసింది. మౌనిక చెప్పులైనా విప్పకముందే డాక్టరుకు ఫోన్ చేసింది. స్టంటు వేసినవాళ్ళు రక్తాన్ని పల్చన చేసే గోళీ మానితే లోపల మళ్ళీ గడ్డ కట్టవచ్చని, ఇప్పటికిప్పుడు వేయించి, రేపు పొద్దున్నే తీసుకురమ్మని ఆయన చెప్పాడు. ఎల్లస్వామి మారు మాట్లాడకుండా వేసుకున్నాడు. దొరికిపోయినందుకు సిగ్గూ పడలేదు, కోపమూ రాలేదు. అదే మౌనికకు నచ్చలేదు.

తలుపు అవతల నిలబడి బాలనర్సమ్మ విన్నది. నిద్ర పడుతోందా, తినబుద్ధి అవుతోందా, ఏ పని మీదైనా మనసు పోతోందా అని ఆ పిల్ల మెల్లగా అడుగుతోంది. ఆయన ఊ అంటున్నాడు, ఊహూ అంటున్నాడు. చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అని అడిగినప్పుడు మాత్రం మంచం కిర్రుమంది.

"చచ్చుడు గాదు బిడ్డా," అన్నాడు చివరికి. "గిట్ల ఉండుడు ఎందుకని."

ఇన్నాళ్ళూ బాలనర్సమ్మ ఈ మనిషిని కోడిపిల్లను గంప కింద మూసినట్టు కాపాడుకున్నానని అనుకుంది. లోపల ఊపిరాడుతోందో లేదో ఒక్కసారీ చూడలేదు.

వంటింట్లోకి వచ్చిన మౌనికకు ఆమె అంతా చెప్పేసింది, కొమురవ్వ చావు, మాసికం, నరేశ్ బెదిరింపు. చీర సంగతి మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మౌనిక వింటూ వింటూ మంచినీళ్ళ సీసా మూత బిగించడం మరిచిపోయింది.

"దుఃఖం చెప్తే ఆ గుండె ఆగిపోదా బిడ్డా? డాక్టరే గదా టెన్షన్ పెట్టొద్దన్నడు."

"ఏం గాదని నేను రాసియ్యలేను పెద్దమ్మా. నేను డాక్టర్ను గాదు. గని గిట్ల దాస్తే మంచిగైతడని గూడ ఎవ్వరు చెప్పలే."

తర్వాత తనకు తెలిసినంత వివరంగా చెప్పింది. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళలో చాలామందికి ఆ తర్వాత మనసు కుంగుతుందట. కుంగినవాళ్ళు గోళీలు మానేస్తారు, నడక మానేస్తారు, తిండీ నిద్రా తప్పుతాయి. అట్లాంటివాళ్ళకు మళ్ళీ పోటు వచ్చే ముప్పు ఎక్కువని ఎన్నో దేశాల్లో చూశారట. మనసుకు వైద్యం చేస్తే ఆ ముప్పు ఎంత తగ్గుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదని, అది తేల్చడానికే తమలాంటి వాళ్ళు ఊళ్ళు తిరుగుతున్నారని కూడా దాచకుండా చెప్పింది. మనిషికి తినబుద్ధి, బతకబుద్ధి తిరిగి రావడం మాత్రం తన కళ్ళతో చూశానంది.

చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి మాట అని, చెప్పేటట్టయితే పగటి పూట, పక్కన మనుషులుండగా చెప్పమంది. రేపు పొద్దున ఎట్లాగూ డాక్టరు చూస్తాడు. తను బయట అరుగు మీద ఉమారాణితో కూర్చుంటుంది. ఈ బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.

బాలనర్సమ్మ గ్లాసులో చిలికిన సల్ల పోసుకుని వసారాలోకి వెళ్ళింది. మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన గోడ వైపే చూస్తున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, దాచిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని ముందు తీసింది.

"ఏమయ్యా, బర్రె ఈనింది."

"ఎరికే. జున్ను వాసన వచ్చింది. నాకు పెట్టలే."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సల్ల గ్లాసు కింద పెట్టింది.

"బాయి కాడ మోటరు గూడ కాలింది."

"కాలితే కాలింది." ఆయన ఇటు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళలోకి చూశాడు. "గవన్ని గాదు. శనివారం సంగతి చెప్పు."

బాలనర్సమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయనే అందుకున్నాడు.

"ఆ రోజు శనివారం గాదు," అన్నాడు ఎల్లస్వామి. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "శనివారం బడిపిల్లలు తెల్లబట్టలేసుకొని పోతరు. ఆ రోజు అందరు నీలం డ్రెస్సులల్ల పోయిండ్రు, గీ మంచం మీదికెళ్ళి నాకు కనవడ్తది. నాకు నీళ్ళు పోసినవ్. నీ తల తడిగుండె, కోడలి తల తడిగుండె. పొయ్యి ముట్టియ్యలే. నువ్వు పెట్టిన చారు మనింటి చారు గాదు."

ఆమె రెండు చేతులూ మొహానికి కప్పుకుంది.

"మనోళ్ళల్ల ఎవరో పోయిండ్రని గప్పుడే తెలిసింది. ఎవరని అడుగుదామని నోటిదాక వచ్చె. అడిగితే నువ్వు పేరు చెప్తవని భయమయింది. రోజు ఒక్కొక్కళ్ళు వచ్చి వానల ముచ్చట చెప్తాంటే, హమ్మయ్య వీళ్ళు గాదు, వీళ్ళు గాదు అనుకున్న. అక్క ఫోనే రాకపాయె. పేరు నువ్వే చెప్పు ఇగ. నా నోటితోని అననియ్యకు."

"కొమురవ్వ వదినే," అంది బాలనర్సమ్మ. "చాయ్ తాగుకుంట తాగుకుంట పోయిందట. నొప్పి తెల్వకుంట పోయింది."

ఎల్లస్వామి కళ్ళు మూసుకున్నాడు. ఆమె పొయ్యి మీది పాలను కనిపెట్టినట్టు ఆయన ఛాతీనే చూస్తూ ఉండిపోయింది. అది లేచింది, పడింది, మళ్ళీ లేచింది. మూసిన కళ్ళ కింద నుంచి నీళ్ళు చెవుల మీదికి జారాయి. అడ్డు పెట్టుకోలేదు. గట్టిగా ఏడవనూ లేదు. చాలా కాలంగా పక్కన పెట్టిన పని ఇప్పటికి తీరిక దొరికి చేస్తున్నవాడిలా నిదానంగా ఏడ్చాడు.

బయట అరుగు మీద నుంచి ఉమారాణి ఒకసారి లేచి తొంగిచూసి, మళ్ళీ కూర్చుంది.

"ఆమె నన్ను సంకల ఏసుకొని నాటుకు పోయేది," అన్నాడు కాసేపటికి. "గట్టు మీద పండవెట్టి నాటేసేది. గసొంటి అక్క పోతే ఏడ్వనీకి గూడ పనికిరాని గుండె నాకెందుకే? గోళీలు గందుకే బంద్ చేసిన. సావాలని గాదు. దేనికని దాన్ని కాపాడుకోవాలె?"

"నీకేమన్న అయితదని నేను..." ఆమె మాట పూర్తి కాలేదు.

"ఎరికే. నిన్ను అంటలేను." ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెచ్చగానే ఉంది. "తప్పు నాది గూడ ఉన్నది. ఆ రోజు రవి మార్కెట్ ఇడిసిపెట్టి వచ్చిండు. వాని కాళ్ళు నేల మీద నిలుస్తలెవ్వు. యాడికో పోవాలె వాడు. గది చూసినంక నాకింక భయమయింది. వాడు లేచిపోతే సావు నిజమైతదనిపించింది. చెయ్యి పట్టుకొని కూసుండవెట్టిన. పొద్దు తిరిగేదాక ఇడువలే."

బాలనర్సమ్మ ఉలిక్కిపడి ఆయన మొహంలోకి చూసింది. తలుపు చాటు నుంచి తాను చేసిన సైగ ఒక్కటే ఆ ఆలస్యానికి కారణమని ఇన్నాళ్ళూ తనను తాను తిట్టుకుంటోంది. కొడుకును రెండో వైపు నుంచి కావాలనే పట్టి ఆపిన చెయ్యి ఇదేనని ఇప్పటిదాకా ఆమెకు తెలియదు. తన చేతి వల్ల ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

ఎల్లస్వామి మోచేతి మీద ఆనుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. సల్ల గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. అడగకుండా తాగడం చూసి మరో రోజైతే ఆమె పొంగిపోయేది.

"ఆదివారం మాసికమై ఉంటది," అన్నాడు. నెల తిరగబోతున్న లెక్క ఆయన దగ్గరా ఉంది. "రేపు డాక్టరు సరేనంటే పోదాం. నరేశ్ గాడు కోపంతోని ఉంటడు. ఉండనీ, తల్లి పోయినోడు." మూతి తుడుచుకుని ఆమె వైపు చూశాడు. ఆ కళ్ళలో దుఃఖంతో పాటు, ఒక్కదాని మీదే పెట్టుకున్న చిన్న ఆశ కనిపించింది. "నేను పోకపోయినా, రవి పోయినంక మన చీర పడ్డది గదా అక్క మీద? ఏ రంగు తెచ్చిండ్రు?"

రంగు చెప్పడం చాలా తేలిక. ఆకుపచ్చ, ఎర్రంచు. కప్పామని ఒక్క మాట అంటే ఈ పూటకు ఆయన నెమ్మదిగా పడుకుంటాడు. ఆ మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది కూడా. ఇన్నాళ్ళుగా అలవాటైన దారే అది.

బాలనర్సమ్మ కొంగు ముడి విప్పింది. ఆయన అరచేయి తెరిచి, రోజూ గోళీలు పెట్టే చోట బీరువా తాళంచెవి పెట్టింది.

ఎల్లస్వామి దాన్ని చూశాడు. తెరిచిన తలుపులోంచి గదిలో ఉన్న బీరువాను చూశాడు. తర్వాత ఎవరి సాయమూ అడగకుండా కాళ్ళు రెండూ మంచం దించి నేల మీద పెట్టాడు.